జంట బండల దగ్గర పులుసు కుండ

నిన్న వండిన చేపల పులుసును మా కోడలు ఇవాళ పొద్దున పొయ్యి మీద పెట్టి వెచ్చబెడుతోంది. మామిడికాయ ముక్కలు బాగా ఊరిన పులుసు. రెండోనాటికి గాని దానికి అసలు రుచి రాదు. హాల్లో కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్న నేను ఆ వాసన తగలగానే పేపరు మడిచి పక్కన పెట్టేశాను. చేపల పులుసు వాసనకు ఎవరికైనా చెరువో, ఏరో, సముద్రమో గుర్తు రావాలి. నాకు మాత్రం కొండ గుర్తొస్తుంది. ఎండుటాకులు, కోతులు, రెండు నున్నటి బండలు, వాటి పక్కన మూతికి గుడ్డ కట్టిన మట్టికుండ, ఆ కుండకు కాపలాగా కాళ్ళు చాపుకుని కూర్చున్న మా మేనత్త. ఈ మాట కోడలితో అంటే నవ్వింది. "కొండ మీద చేపలేంటత్తయ్యా" అంది. ఏంటో చెప్పాలంటే మస్తానమ్మత్త గురించి చెప్పాలి. ఆమెను చూసినవాళ్ళు ఇప్పుడు మా ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

మాది తడ దగ్గర ఒక పల్లె. తూర్పున పులికాట్ ఉప్పునీళ్ళు, మిగతా మూడు పక్కలా వరిచేలు. గడ్డివామి కంటే ఎత్తయినది ఏదీ మా ఊళ్ళో ఉండేది కాదు. వాన కడిగిన మర్నాడు పొద్దున్నే పడమటి దిక్కున నీలంగా ఒక కొండ కనిపించేది. దాన్ని మా ఊళ్ళో పడమటి కొండ అనేవాళ్ళు. అంతకు మించి దానితో మాకు సంబంధం లేదు, ఒక్క మస్తానమ్మత్తకు తప్ప. ఆమె మా నాయనకు అక్క. ఆమెను ఆ కొండ కింది ఊరివాళ్ళకే ఇచ్చారు. ఐదేళ్ళ కాపురం. పిల్లలు లేరు. మామ మంచి మనిషని, మాటకారి అని చెప్పేవాళ్ళు. ఒకరోజు కొండ మీదికి తీసుకుపోతానని, అక్కడినుంచి చూస్తే పుట్టింటి దిక్కున పులికాట్ నీళ్ళు కనిపిస్తాయని ఆమెకు ఆశ పెట్టాడట. ఈ ఏడు కాదు వచ్చే ఏడు అంటూ ఉండగానే విషజ్వరం వచ్చి పోయాడు. అత్త పుట్టింటికి వచ్చేసింది. నాకు తెలిసేసరికే ఆమె మా ఇంటి మనిషి. వంటా, పాడీ, నాట్లకొచ్చిన కూలీల లెక్కా, నాయన మీద అజమాయిషీ, అన్నీ ఆమెవే. మా అమ్మ ఆమెకు ఎదురు చెప్పగా నేను వినలేదు. భయపడి కాదు, చెప్పాల్సినవన్నీ ఆమే నాయనకు చెప్పేస్తుంటే అమ్మకు హాయిగా ఉండేది.

ఇక నా సంగతి. మూడో ఏట జ్వరం వచ్చి తగ్గేసరికి నా ఎడమకాలు సన్నబడిపోయింది. నిలబడగలను, నడవగలను. కానీ ఆ కాలు వేసినప్పుడల్లా ఒళ్ళంతా ఒక పక్కకు ఒరుగుతుంది. నాయన నన్ను నడవనిచ్చేవాడు కాదు. గడప దాటుతున్నానంటే చాలు, ఎక్కడున్నా వచ్చి భుజాల మీదికి ఎక్కించుకునేవాడు. బడికి భుజాల మీదే, తిరణాలకు భుజాల మీదే. ఊళ్ళో నా ఈడు పిల్లలకు నన్ను చూస్తే కుళ్ళు. నిజం చెప్పాలంటే నాకూ అది బాగానే ఉండేది. అంత ఎత్తునుంచి చూస్తే ఎవరికి గర్వంగా ఉండదు. ఆయనది ప్రేమే. దానికి వంక పెట్టడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

వంక పెట్టింది అత్త. నాయన పొలానికి పోయిన వేళ చూసి ఆమె నన్ను లేపేది. చిన్న ముంతలో మజ్జిగ పోసి, మీ నాయనకు ఇచ్చి రా పో అని గట్టు మీదికి పంపేది. వరిచేల గట్లు ఎంత సన్నగా ఉంటాయో తెలిసినవాళ్ళకు తెలుసు. మొదటిరోజు పది అడుగులు వేయకముందే చేలో పడ్డాను. మజ్జిగంతా వరికి పోయింది. గట్టు చివర నిలబడి చూస్తున్న అత్త పరుగెత్తుకు రాలేదు. అక్కడినుంచే కేకేసింది.

"మోకాలి మీద చెయ్యేసి నొక్కుకుంటా నడువు మే. ఊగులాడబాక."

"పడినానత్తా," అని ఏడ్చాను.

"చూసినా. బురదే గదా. లేచి రా, ఇంకో ముంత పోస్తా."

అలా ముంతల మీద ముంతలు వరికి పోసి, చివరికి సగం ముంతతో నాయన దగ్గరికి చేరడం నేర్చుకున్నాను. నన్ను చూడగానే నాయన చేతిలో పార పడేసి పరుగెత్తుకొచ్చి ఎత్తుకునేవాడు. ఇంటికి తిరిగి రావడం ఆయన భుజాల మీదే. దారిపొడుగునా అత్తను తిట్టేవాడు. ఇంటికి రాగానే ఆమె ఎదురుగా మాత్రం ఒక్క మాటా ఉండేది కాదు.

ఊళ్ళో బడి ఐదో తరగతి దాకానే. మా అన్న రాఘవ అప్పటికే హైస్కూలుకు పోతున్నాడు. అది మూడు మైళ్ళ దూరంలో ఉండేది. దారి కాలవగట్టు మీద. బండి పోయే దారి కాదు. నా ఐదో తరగతి అయిపోవస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం అత్త మరిది చెంగయ్య మామ విత్తనాల కోసం కొండ కింద ఊరినుంచి వచ్చాడు. పంచలో అందరికీ అన్నాలు పెడుతూ అత్త నా చదువు మాట ఎత్తింది.

"జూన్ నెల్లో పెంచలమ్మను హైస్కూల్లో చేర్పించాల."

"ఐదు చాల్లే అక్కా," అన్నాడు నాయన. "ఆ కాలవగట్టున ఎట్టా నడస్తాది? వానాకాలం కాలు జారితే ఆడ ఎవురుండారు? ఇంట్లో పెట్టుకుని చూసుకుంటా. నాకేం బరువా?"

"బరువు కాదు గాబట్టే గదా నువ్వు దించవు."

నేను తలుపు చాటున కూర్చుని వింటున్నాను. అన్న పుస్తకాలు చదివేసుకుంటూ, వాడి లెక్కలు వాడికంటే ముందు చేసేస్తూ, ఆ హైస్కూల్ని కళ్ళారా చూడకుండానే అందులో నేను ఎన్నిసార్లు కూర్చున్నానో. నా బతుకులో అంతకు ముందుగాని ఆ తర్వాతగాని నేను ఏదైనా అంతగా కోరుకున్నానని చెప్పలేను.

అత్త పప్పు గిన్నె కింద పెట్టింది. "సరే. పడమటి కొండ ఎక్కితే పంపిస్తావా?"

నాయన నవ్వాడు. "ఆ కొండ నేనే ఎక్కలేను."

"నీ సంగతి అడగలా. ఎవురూ ఎత్తుకోకుండా పాప పైదాకా పోతే పంపిస్తావా లేదా, ఆ మాట చెప్పు."

"పంపిస్తాలే," అన్నాడు నాయన, పెరుగన్నం కలుపుకుంటూ. చంద్రుణ్ణి తెచ్చిస్తే ఇస్తాలే అన్నట్టు అన్నాడు.

"చెంగయ్యా, ఇన్నావు గదా," అంది అత్త.

చెంగయ్య మామ విన్నానన్నట్టు తలూపాడు. అప్పుడు నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఇంట్లోవాళ్ళ ముందు అన్న మాట ఎటైనా తిప్పుకోవచ్చు. అక్కను ఇచ్చిన ఇంటివాడి ముందు అన్న మాటను తిప్పుకోవడం మా వైపు కుదరదు. ఆ పోయినోడి తమ్ముడి ముందు మాట తప్పాడంటే అక్కను చిన్నబుచ్చినట్టే. అత్తకు అది తెలుసు. ఆమె ఆ మాట ఎత్తడానికి చెంగయ్య మామ వచ్చే రోజు కోసమే కాచుకుని ఉందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

నూర్పిళ్ళయ్యాక, లేత మామిడికాయలు దిగే రోజుల్లో బయల్దేరాం. నాయన, అమ్మ, అత్త, అన్న, నేను. బండి కట్టేముందు అత్త కొరమీను పులుసు పెట్టింది. మట్టికుండలో ఉడికించి, మామిడికాయ ముక్కలేసి, మూతికి తడిగుడ్డ కట్టి, బండిలో వరిగడ్డి మధ్య దోపింది. అమ్మ ఆశ్చర్యపోయింది.

"ఆడ మీ అత్తగారింట్లో వండి పెట్టరా వదినా? పులుసు కుండ మోసుకుపోయేదేంది?"

"మీ ఆయనకు రేపు కొండ మీద ముద్ద దిగాలంటే ఇది లేకుండా ఎట్టా?"

ఆ మాట నిజమే. మా వైపు వాళ్ళకు ప్రయాణమంటే సద్దిమూట, సద్దిమూటంటే చేప. పెళ్ళిచూపులకు పోయినా దారిలో తినడానికి చేప ముక్క ఉండాల్సిందే. నీళ్ళ పక్కన పుట్టి పెరిగినవాళ్ళం. అది లేని అన్నం మాకు అన్నంలాగా ఉండదు. సాయంత్రానికి కొండ కింద ఊరు చేరాం. దగ్గరకు వచ్చేసరికి మా నీలం కొండ నీలంగా లేదు. పచ్చగా, గోధుమరంగుగా, రాళ్ళతో, మీద విరుచుకుపడేట్టు ఉంది. నాయన దాన్ని కింది నుంచి పైదాకా చూసి, నా కాలు వైపు చూసి, గట్టిగా నిట్టూర్చాడు. అత్త అది చూడనట్టే బండిలోంచి కుండ దించుకుంటోంది.

మర్నాడు తెల్లవారగానే చెంగయ్య మామ ముందు నడిచాడు. కొండ మొదట్లో దారి చల్లగా, వాగు పక్కనే ఉంది. వెదురు పొదలు, ఎక్కడ చూసినా ఎండుటాకులు. మోకాలు లోతు బురదలో పొద్దంతా నిలబడగల మా నాయన ఆ ఎండుటాకుల మీద మూడుసార్లు జారాడు. మెత్తటి నేలకు అలవాటు పడ్డ కాళ్ళు మావి. రాయి తగిలితే ఉలిక్కిపడతాయి. అమ్మ అయితే ప్రతి రాయినీ చేత్తో తడిమి చూసి గాని కాలు పెట్టేది కాదు. అందరిలోకీ నేనే నయం. నాకు ఏ నేలయినా ఒకటే, ఏ అడుగైనా చూసుకునే వేయాలి. మోకాలి మీద చెయ్యేసి నొక్కుకుంటూ, అత్త వెనకాలే నడిచాను. నెత్తి మీద కుండ పెట్టుకుని ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నాయన మాత్రం నా పక్కనే, చేతులు చాపి, పడబోయే కుండను పట్టుకోబోతున్నట్టు నడుస్తున్నాడు. నేను కొంచెం ఒరిగితే చాలు, ఆయన చేతులు ముందుకొచ్చేవి.

"నువ్వు ముట్టుకుంటే పందెం పోయినట్టే," అంది అత్త, తిరక్కుండానే.

"ముట్టుకోలేదు గదక్కా."

"ముట్టుకోబోయినావు."

"నీకు వీపున కళ్ళుండాయా?"

అలా ఇద్దరూ తగువులాడుకుంటూ వాగు దాటించారు. నేను ఆమె వీపు చూస్తూ, ఆయన చేతులు చూసుకుంటూ, వాళ్ళిద్దరి మాటల మధ్య నడిచాను. కొండ వైపు నేను కూడా చూడలేదు.

పొద్దు పైకొచ్చే వేళకు రెండు పెద్ద బండలు దారికి చెరో పక్కనా నిలబడి ఉన్న చోటికి వచ్చాం. నున్నగా, పసుపూ కుంకుమా పూసి ఉన్నాయి. చెంగయ్య మామ అక్కడ ఆగి, చెప్పులు విడిచాడు. గాలి మా వైపునుంచి అతని వైపు వీచింది. అతను ముక్కు ఎగబీల్చి, అత్త నెత్తి మీది కుండ వైపు చూశాడు.

"వదినా, అందులో ఏముండాది?"

"పులుసు."

"ఏం పులుసు?"

"ఏం పులుసేంది? చేపల పులుసు."

చెంగయ్య మామ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "నీచు ఈ బండలు దాటకూడదు వదినా. ఈడనుంచి పైన సామిది. నేను రానీను."

అందరం నిలబడిపోయాం. నాయనకు చిరాకొచ్చింది. "పారబోసేస్తే పోతాది గదా," అన్నాడు. అత్త ఆయన వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తే. కొరమీను పులుసు నేలపాలు చేయమన్నవాణ్ణి మా ఇంట్లో ఎవరైనా అలాగే చూస్తారు. పొదల్లో పెట్టిపోదామంటే చుట్టూ కోతులు. అప్పటికే రెండు మూడు దగ్గరికొచ్చి కూర్చున్నాయి. అత్త నెమ్మదిగా కుండ దించి బండ పక్కన పెట్టి, తానూ కూర్చుని కాళ్ళు చాపింది.

"మీరు పోయి రాండి. నేనుంటా."

"నువ్వు లేకుండా ఎట్టాక్కా?" అన్నాడు నాయన. "పైనుంచి చూడాలని నీకెన్నాళ్ళ నుంచో ఉండాది. నువ్వు పో. కుండ కాడ నేను కూర్చుంటా."

"పందెం కట్టినోడివి నువ్వు. నువ్వు పోకుంటే ఎట్టా?"

అడవిలో ఆమెను ఒంటరిగా వదలడం బాగుండదని అమ్మ కూడా కూర్చుంది. అమ్మకు మోకాళ్ళు అప్పటికే పట్టేశాయి, ఆమెకు కావలసింది కూడా అదే. నేను అత్త మొహంలోకి చూశాను. ఏదైనా చెబుతుందని, ఎట్టా ఎక్కాలో చెబుతుందని. ఆమె నా జడ సరిచేసి, "పైకి పోయినాక తూరుపు దిక్కున ఏం కనపడతాదో బాగా చూసి రా. నాకు చెప్పాల," అంది. అంతే.

బండలు దాటాక దారి మారిపోయింది. నీడ పలచబడింది. రాళ్ళు ఒకదాని మీద ఒకటి మెట్లు మెట్లుగా, ఒక్కొక్కటి నా నడుమెత్తు. అన్న కోతిపిల్లలాగా ముందుకు పోయాడు. నేను మొదటి రాయి దగ్గరే ఆగిపోయాను. మోకాలి మీద చెయ్యేసి ఎక్కడానికి అది గట్టు కాదు. ముందు చూసుకోవడానికి అత్త వీపు లేదు. నాయన చేతులు ముందుకొచ్చాయి. వద్దనడానికీ అత్త లేదు. చెంగయ్య మామ ఎటో చూస్తున్నాడు. ఆ క్షణంలో ఆయన ఎత్తుకుని ఉంటే నేను ఎత్తుకోనిచ్చి ఉండేదాన్ని. అంతటితో అయిపోయేది. ఆయన చేతులు నా చంకల దాకా వచ్చి ఆగాయి. వెనక్కి పోయాయి. ఆయన రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వే ఏదో ఒకటి చెయ్యి పాపా," అన్నాడు.

నేను రాయికి వీపు పెట్టి, చేతులు వెనక్కి ఆనించి, మంచి కాలుతో నేలను తన్ని, ఆ రాయి మీదికి జరిగి కూర్చున్నాను. మళ్ళీ ఇంకో రాయి. మళ్ళీ ఇంకోటి. కొండ నా వెనక ఉంది. ఎదురుగా, ఒక మెట్టు కింద, నాయన ఉన్నాడు. భుజాల మీద కూర్చున్న పిల్లకు తండ్రి నెత్తి తప్ప మొహం కనిపించదు. అంతసేపు నాయన మొహం ఎదురుగా చూడడం నాకు అదే మొదలు. ఆయనా అంతే. నేను ఎలా కదులుతానో, ఆ సన్నకాలు ఎటు ఒరుగుతుందో, పళ్ళ బిగువున ఒళ్ళు ఎలా పైకి లాక్కుంటానో, తప్పించుకోవడానికి లేకుండా చూడాల్సి వచ్చింది. మొదట చాలాసార్లు కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత తిప్పుకోవడం మానేశాడు. పైనుంచి అన్న కేకేశాడు.

"కూర్చోని ఎక్కితే ఎక్కినట్టా నాయనా? అది ఒప్పుకోకూడదు."

"నోరు ముయ్యిరా," అన్నాడు నాయన. "ఎక్కతావుండాది, కనపళ్ళా?"

ఆ మాటతో నాకు తెలిసిపోయింది, ఆయన నా పక్షానికి వచ్చేశాడని. ఆ తర్వాత ఎంత దూరం ఎక్కానో, అరచేతులు ఎక్కడ చీరుకుపోయాయో నాకు గుర్తులేదు. అప్పుడప్పుడు నాయన, "ఆ ఎడమ పక్క రాయి ఊగతావుండాది, కుడి పక్కకు జరుగు" అని దారి చెప్పాడు. చేతులు మాత్రం వీపు వెనకనుంచి తీయలేదు. అలా చేతులు కట్టుకునే ఆయన కొండంతా ఎక్కాడు. రెండుసార్లు బోర్లాపడబోయాడు కూడా.

శిఖరం మీద పెద్దగా ఏమీ లేదు. ఒక రాయి, దాని ముందు ఎండిపోయిన పూలు, విపరీతమైన గాలి. అన్న మా గడ్డివామి కనిపిస్తోందని పందెం కాశాడు. నేను తూర్పు దిక్కున చూశాను. అంతా పొగమంచులాంటి తెలుపు. దాని అంచున ఎవరో పొడవైన రేకును ఎండలో పడేసినట్టు నీళ్ళు మెరుస్తున్నాయి. ఆ రేకుకు అవతల సన్నటి నల్లగీత. అది శ్రీహరికోట అడవి అని చెంగయ్య మామ చెప్పాడు. అక్కడినుంచి రాకెట్లు లేస్తాయని అప్పుడు అంటే మమ్మల్ని పిచ్చివాళ్ళనుకునేవాళ్ళు. నేను చాలాసేపు చూశాను. అత్తకు చెప్పాలి గదా.

దిగేటప్పుడు నా పని అయిపోయింది. కాలు వణుకుతోంది. "పందెం ఎక్కేదానికే గదా నాయనా. దిగేదానికి లేదు గదా," అన్నాను. నాయన ఒక్క నిమిషం నన్ను చూసి పగలబడి నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, కిందికి వంగి, భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. దారంతా ఏవో కూనిరాగాలు తీస్తూ దిగాడు. జంట బండలు ఇంకొంచెం దూరంలో ఉన్నాయనగా ఒక మలుపు దగ్గర ఆగి, నన్ను నేల మీదికి దించాడు.

"మీ అత్త చూస్తా ఉంటాది," అన్నాడు. "నడువు."

ఎవరూ అడక్కుండా మా నాయన నన్ను కిందికి దించడం అదే మొదటిసారి. మోకాలి మీద చెయ్యేసి నడిచాను. మేము పోయినంతసేపు అత్త నోట్లో ఆకూ వక్కా కూడా వేసుకోలేదని, పైన ఎండుటాకులు గలగలమంటే చాలు లేచి నిలబడేదని అమ్మ తర్వాత చెప్పింది. మమ్మల్ని చూసేసరికి మాత్రం ఆమె తాపీగా కుండ గుడ్డ విప్పుతోంది. నన్ను చూసింది. నా వెనక నాయనను చూసింది. ఆయన చేతులు ఇంకా వీపు వెనకే ఉన్నాయి. ఎక్కిందా అని ఆమె అడగలేదు.

"ఏం కనపడింది?" అంది.

చెప్పాను. రేకు మెరిసినట్టు నీళ్ళని, దాని అవతల గీతని, మిగతాదంతా తెలుపేనని. మన ఊరు కనపడలేదని కూడా చెప్పాను. ఆమె ప్రతి మాటకూ తలూపుతూ విన్నది. తర్వాత బండలకు ఈవల, వాగు ఒడ్డున కూర్చుని పులుసన్నం తిన్నాం. చెంగయ్య మామ దూరంగా కూర్చుని అటుకులు తిన్నాడు. అంత రుచైన పులుసు నేను మళ్ళీ తినలేదు. నాయన మూడుసార్లు పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కుంటూ, ఎవరి వైపూ చూడకుండా, "జూన్‌లో గొడుగొకటి కొనాల పాపకు" అన్నాడు.

జూన్‌లో కాలవగట్టు మీద మొదటి రోజు నేను ముందు నడిచాను. నాయన నా వెనక, కాస్త దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు. దారిలో ఒకసారి పడ్డాను. ఆయన ఆగాడు. నేను లేచాక నడిచాడు. వారం రోజులు అలా వచ్చి, తర్వాత పొలం పనులున్నాయని మానుకున్నాడు. హైస్కూలు అయింది, ట్రైనింగు అయింది. అరవైల చివర్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు చెంగయ్య మామ చూడ్డానికి వచ్చాడు. పాత మాటలన్నీ తిరగేస్తూ కొండ సంగతి వచ్చింది. ఆ పులుసు కుండ మాట ఎత్తి నేను నవ్వాను. పాపం అత్తకు తెలియక తెచ్చి, పైకి రాకుండా పోయిందన్నాను. చెంగయ్య మామ నవ్వలేదు.

"మా వదినకు తెలవకపోవడమేంది? కాపరానికొచ్చిన ఏడే మా అమ్మ ఆ బండల కాడ నిలబెట్టి చెప్పింది. ఆమె ఐదేళ్ళుండింది గదా మా ఊళ్ళో."

అత్త పెరట్లో చిక్కుడుపాదు దగ్గర ఉంది. నేను పోయి ఎదురుగా నిలబడి అడిగాను. కాయలు కోస్తూనే చెప్పింది.

"నేనొచ్చుంటే ఏమయ్యేది? నువ్వు నా వీపు చూసుకుంటా ఎక్కేదానివి. మీ నాయన నాతో పోట్లాడుకుంటా ఎక్కేవాడు. మా తగువులోనే కొండైపోయేది. వాడు నీ నడక ఎప్పుడూ చూసినోడు కాదు మే. చూడలేకనే ఎత్తుకునేవాడు. ఒక్కసారి చూస్తే చాలనుకున్నా."

"కొండకు రానని ముందే చెప్పుండొచ్చు గదత్తా."

"ఊరికే కూర్చుంటానంటే మీ నాయన ఒప్పుకుంటాడా? పులుసుంటే ఒప్పుకుంటాడు."

నాకు ఏడుపొచ్చింది. ఆ పోయిన మామ చూపిస్తానన్న నీళ్ళు ఆమె చూడలేదు. చూడకుండా కూర్చోవడానికి తనే కుండ మోసుకొచ్చింది. "మరి నువ్వు చూడాలనుకున్నావు గదా," అన్నాను.

"నువ్వు చూసొచ్చి చెప్పినావు గదా. రేకు మెరిసినట్టుండాదన్నావు. నాకట్టనే గుర్తుండాది," అంది. చిక్కుడుకాయలు నా చీర కొంగులో పోసి లోపలికి పోయింది.

ఆమె ఆ కొండ ఎక్కకుండానే పోయింది. రమ్మంటే, ఒకసారి చూశానుగదా అనేది. నాయన కూడా పోయి చాలా ఏళ్ళయింది. ముప్పై ఏళ్ళకు పైగా నేను పాఠాలు చెప్పాను. పిల్లో పిల్లవాడో బోర్డు ముందు లెక్క తెగక నిలబడిపోయినప్పుడు నా చెయ్యి సుద్దముక్క కోసం ముందుకు పోయేది. వెంటనే రెండు చేతులూ వెనక్కి కట్టుకునేదాన్ని. అది నాయన నుంచి వచ్చింది. కావాలనే అక్కడ లేకుండా ఉండడం అనేది ఒకటుంది, అది అత్తది. అది నాకు పూర్తిగా పట్టుబడలేదు. నా పిల్లల విషయంలో అయితే అసలే పట్టుబడలేదు. అది ఎంత కష్టమో తెలిసింది కాబట్టే ఆమె మీద ప్రేమ ఏటికేడు పెరుగుతూ ఉంది.

వంటింట్లోంచి కోడలు పిలిచింది. "పులుసు వేడయింది అత్తయ్యా. మీరు లేవకండి, నేనే తెస్తాను."

"వద్దమ్మా," అన్నాను. "నువ్వు ఆడనే ఉండు."

మోకాలి మీద చెయ్యేసి లేచాను. ఆమె పులుసు గిన్నె పక్కనే నిలబడి, నేను వచ్చేదాకా చూస్తూ ఉంది.